రోవర్లు: గ్రహతల సంచార యంత్రాలు

మరో గ్రహం మీదనో, ఉపగ్రహం మీదనో దిగి, మనిషి తోడు లేకుండా నేల మీద కదులుతూ, అక్కడి రాళ్లను, మట్టిని, వాతావరణాన్ని పరీక్షించి, ఆ వివరాలను రేడియో తరంగాల ద్వారా భూమికి చేరవేసే యంత్రాన్ని రోవర్ అంటారు. గ్రహాన్వేషణకు పంపే నౌకల్లో ఆర్బిటర్ కక్ష్యలో తిరుగుతూ పైనుంచి మొత్తం గ్రహాన్ని చూస్తుంది. ల్యాండర్ నేల మీద దిగినా, దిగిన చోటనే ఉండిపోయి చేతికి అందినంత మేర మాత్రమే పరీక్షించగలుగుతుంది. రోవర్ తనకు కావలసిన రాయి దగ్గరకు తానే వెళ్తుంది. భూవిజ్ఞాన శాస్త్రవేత్త కొండవాగుల వెంట నడిచి, రాయిని సుత్తితో పగలగొట్టి, లోపలి పొరను భూతద్దంతో చూసి చేసే పనిని, మనిషి వెళ్లలేని చోట చేయడానికి పుట్టిన యంత్రం కాబట్టి, రోవర్ ఎంత దూరం నడిచిందన్న దాని కంటే ఏ రాయిని ఎంత దగ్గరగా చూసిందన్నదే దాని గొప్పదనానికి సరైన కొలమానం.

ఈ చరిత్రలో తెలుగు నేలకు స్థానం ఉంది. భారతదేశం ఇంతవరకు పంపిన రెండు రోవర్లూ శ్రీహరికోట నుంచే బయలుదేరాయి. అంతేకాక రోవర్లు చంద్రుడి మీద, అంగారకుడి మీద గుర్తించిన రాళ్లు, ఖనిజాలలో ముఖ్యమైనవి కొన్ని ఉత్తరాంధ్రను ఆనుకొని సాగే తూర్పు కనుమల్లోనూ, విజయనగరం జిల్లా శృంగవరపుకోట మీదుగా పోయే రైలు పెట్టెల్లోనూ కనిపిస్తాయి.

నిర్మాణం, నడక

రోవర్‌కు మొదటి అవసరం బోల్తా పడకుండా నడవడం. రాళ్లు, గుంతలు నిండిన నేల మీద ఒక్కసారి తిరగబడితే లేపి నిలబెట్టే దిక్కుండదు. అందుకే 1980ల చివర అమెరికాలోని జెట్ ప్రొపల్షన్ ప్రయోగశాల ఇంజనీరు డొనాల్డ్ బిక్లర్ రాకర్-బోగీ అనే అమరికను రూపొందించారు. ఇందులో ఒక్కో పక్కన మూడేసి చొప్పున ఆరు చక్రాలుంటాయి. రెండు చక్రాలను కలిపే పొట్టి చేతిని బోగీ అనీ, ఆ బోగీని మూడో చక్రంతో కలిపే పొడవాటి చేతిని రాకర్ అనీ పిలుస్తారు. కీలు దగ్గర ఈ చేతులు స్వేచ్ఛగా ఊగడం వల్ల ఒక చక్రం బండరాయి ఎక్కుతున్నా మిగిలిన ఐదూ నేలను వదలవు. కుడి ఎడమ రాకర్లను మరో కడ్డీ కలపడం వల్ల మధ్యనున్న పెట్టె రెండింటి వంపులో సగమే వంగుతుంది. స్ప్రింగులు లేవు. 1997 నాటి అమెరికా రోవర్ సోజర్నర్ నుంచి మన చంద్ర రోవర్ ప్రజ్ఞాన్ వరకు అనేక రోవర్లు ఈ అమరికతోనే నడిచాయి.

రెండో అవసరం విద్యుత్తు. చిన్న రోవర్లు సౌర ఫలకాలపై ఆధారపడతాయి. అంగారకుడి మీద ధూళి పేరుకొని ఈ ఫలకాలు కాలక్రమాన మసకబారతాయి, చంద్రుడి మీదనైతే భూమి లెక్కలో దాదాపు రెండు వారాలు సాగే రాత్రి మొత్తం అవి పనిచేయవు. క్యూరియాసిటీ, పర్సెవరెన్స్ వంటి పెద్ద రోవర్లు ప్లుటోనియం ఆక్సైడ్ సహజంగా క్షీణించేటప్పుడు వెలువడే వేడిని విద్యుత్తుగా మార్చుకుంటాయి. పర్సెవరెన్స్‌లో ఇది 4.8 కిలోలు ఉంది, దాని నుంచి మొదట్లో వచ్చిన విద్యుత్తు సుమారు 110 వాట్లు, అంటే పాతకాలపు ఇంటి బల్బులు రెండింటికి సరిపడేంత.

మూడోది ఆదేశం. భూమి నుంచి చంద్రుడికి రేడియో సంకేతం 1.3 సెకన్లలో చేరుతుంది కాబట్టి కొంత ఆలస్యంతోనైనా అక్కడి రోవర్‌ను భూమి మీద కూర్చొని నడపవచ్చు. అంగారకుడికి అదే సంకేతం చేరడానికి, రెండు గ్రహాల మధ్య దూరాన్ని బట్టి, 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. ఎదురుగా గుంత ఉన్న చిత్రం భూమికి వచ్చి, ఆగమన్న మాట తిరిగి చేరేలోగా రోవర్ గుంతలో ఉంటుంది. అందుకని అక్కడి రోవర్‌కు ఆనాటి పనినంతా ఒకేసారి రాసి పంపుతారు, దారిలోని అడ్డంకులను అదే గుర్తించి తప్పుకొనేలా తయారు చేస్తారు. పర్సెవరెన్స్ ఈ స్వయం చోదనతో ఒక్క రోజులో 400 మీటర్లకు పైగా నడిచిన సందర్భం కూడా ఉంది.

తొలి యంత్రాలు

మరో నేల మీద నడిచిన మొదటి రోవర్ సోవియట్ యూనియన్‌కు చెందిన లూనోఖోద్-1. 1970 నవంబరు 17న చంద్రుడి మీద దిగిన ఈ 756 కిలోల ఎనిమిది చక్రాల బండి పది నెలల పాటు పనిచేసి 10.5 కిలోమీటర్లు నడిచింది. సౌర ఫలకం దాని మూత లోపలి వైపు ఉండేది. పగలు మూత తెరుచుకొని విద్యుత్తు తయారయ్యేది, రాత్రి మూత మూసుకొని, లోపలి పొలోనియం వేడి యంత్రాన్ని గడ్డకట్టకుండా కాపాడేది. 1973లో వెళ్లిన లూనోఖోద్-2 సుమారు 39 కిలోమీటర్లు తిరిగి, ఒక గుంత అంచును తాకిన మూతలో మట్టి పడి, ఆ మట్టి వేడిని బయటకు పంపే పలక మీద రాలడంతో లోపల వేడెక్కి పాడైంది. యంత్రాన్ని చలి నుంచి కాపాడుకున్న నేర్పరులకు పిడికెడు ధూళి అడ్డం వచ్చింది. ధూళి సమస్య నేటికీ తీరలేదు.

అంగారకుడి మీదకు తొలి రోజుల్లో పంపిన ప్రాప్-ఎం అనే చిన్న సోవియట్ యంత్రం 1971 డిసెంబరులో మార్స్-3 ల్యాండర్‌తో పాటు దిగినా, ల్యాండర్ సంకేతాలు కొన్ని సెకన్లలోనే ఆగిపోవడంతో నడవనే లేదు. 1997 జూలై 4న దిగిన అమెరికా రోవర్ సోజర్నర్ 10.6 కిలోల బరువుతో, దాదాపు 100 మీటర్ల నడకతో, అంగారకుడి నేల మీద కదిలిన తొలి యంత్రంగా నిలిచింది. చైనా 2013లో యూటూ రోవర్‌ను, 2019 జనవరి 3న యూటూ-2ను చంద్రుడి మీద దించింది. భూమికి ఎన్నడూ కనబడని చంద్రుడి అవతలి వైపు నడిచిన మొదటి రోవర్ యూటూ-2. 2021 మేలో చైనాకే చెందిన ఝురోంగ్ అంగారకుడి మీద నడిచింది.

ఇనుపరాయి, నీటి జాడ

శృంగవరపుకోట (ఎస్.కోట) స్టేషన్ మీదుగా సాగే కొత్తవలస-కిరండూల్ రైలుమార్గాన్ని ఉత్తరాంధ్రలో కె.కె. లైన్ అంటారు. 1960లలో జపాన్ సహకారంతో ఈ మార్గాన్ని వేసింది ఛత్తీస్‌గఢ్ లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖపట్నం రేవుకు చేర్చడానికి. అరకు వైపు నుంచి సొరంగాలు దాటి, బొర్రా, శివలింగపురం మీదుగా ఘాట్ దిగి ఎస్.కోట చేరే గూడ్సు పెట్టెల్లో ఉండే ఆ నల్లని, ఎర్రని రాయి పేరు హెమటైట్. ఇది ఇనుము, ఆక్సిజన్ కలిసిన ఖనిజం. గట్టిగా పలకకట్టినప్పుడు ఉక్కు రంగులో మెరుస్తుంది, పొడి చేసినా, గరుకు పలక మీద గీసినా ముదురు ఎరుపు చూపుతుంది. బైలదిల్లా నిక్షేపాలకు మూలం అతి ప్రాచీన సముద్రంలో కరిగి ఉన్న ఇనుము పొరలు పొరలుగా అడుగున పేరుకోవడం.

రోవర్ల చరిత్రలో అత్యంత ఫలవంతమైన అధ్యాయం ఇదే ఖనిజంతో మొదలైంది. మార్స్ గ్లోబల్ సర్వేయర్ అనే ఆర్బిటర్ అంగారకుడి మధ్యరేఖ దగ్గర మెరిడియానీ మైదానంలో బూడిదరంగు హెమటైట్ ఉన్నట్టు పైనుంచి పసిగట్టింది. ఈ ఖనిజం ఏర్పడడానికి నీరు కారణం కావచ్చు, నీటితో పనిలేకుండా అగ్నిపర్వత క్రియల వల్ల కూడా అది ఏర్పడవచ్చు. ఏది నిజమో తేల్చడానికి దగ్గరకు వెళ్లి చూడవలసిందే. 2004 జనవరి 25న ఆపర్చునిటీ రోవర్ ఆ మైదానంలో, అనుకోకుండా 22 మీటర్ల వెడల్పున్న చిన్న బిలంలోకి దొర్లి ఆగింది. ఎదురుగానే పొరలు పొరలుగా రాతి అంచు, దాని కింద నేలంతా కొద్ది మిల్లీమీటర్ల పరిమాణంలో గుండ్రని గోళీలు పరచుకొని ఉన్నాయి. ఇనుప ఖనిజాలను గుర్తించే మోస్‌బాయర్ పరికరాన్ని చేతితో వాటి మీద ఆనించి చూస్తే అవి హెమటైట్ గోళీలని తేలింది. రాతి పొరల్లో ఇంకిన భూగర్భజలం నుంచి ఇనుము కొంచెం కొంచెంగా గడ్డకట్టి గోళీలుగా పెరిగిందనీ, చుట్టూ ఉన్న మెత్తని రాయి అరిగిపోగా ఇవి రాలి నేల మీద మిగిలాయనీ శాస్త్రవేత్తలు నిర్ధారణకు వచ్చారు. అదే రాతిలో జారోసైట్ అనే మరో ఖనిజం కూడా దొరికింది. ఆమ్లగుణం గల నీరు లేనిదే అది ఏర్పడదు. ఒకప్పుడు అంగారకుడి నేలను నీరు తడిపిందన్న మాటకు రోవర్ చేతితో తాకి తెచ్చిన తొలి బలమైన సాక్ష్యం ఇది. బైలదిల్లాలో సముద్రం, మెరిడియానీలో భూగర్భజలం: దారులు వేరైనా రెండు చోట్లా ఇనుమును కూడబెట్టింది నీరే.

తొంభై అంగారక దినాలకని పంపిన ఆపర్చునిటీ, గ్రహమంతా కమ్మిన ధూళి తుఫానులో 2018 జూన్ 10న చివరి సంకేతం పంపేవరకు పద్నాలుగేళ్లకు పైగా బతికి 45 కిలోమీటర్లు నడిచింది. దాని జంట యంత్రం స్పిరిట్ కథ వేరు. గుసెవ్ బిలంలో దిగిన ఆ రోవర్ ముందు చక్రం ఒకటి బిగుసుకుపోవడంతో, దానిని ఈడ్చుకుంటూ వెనక్కి నడవవలసి వచ్చింది. 2007లో ఆ చక్రం గీసిన చాలులో తెల్లని మట్టి బయటపడింది, పరీక్షిస్తే అందులో 90 శాతం దాకా సిలికా ఉంది. వేడినీటి బుగ్గలో, ఆవిరి గుంటలో ఉన్నచోటే ఇంత స్వచ్ఛమైన సిలికా పోగుపడుతుంది. సవ్యంగా తిరిగే చక్రమైతే ఆ పొరను దాటుకొని వెళ్లిపోయేది.

ఖొండలైట్ కొండలు, జెజెరో మట్టి

శృంగవరపుకోట నుంచి అనంతగిరి ఎక్కే ఘాట్ రోడ్డుకు ఇరువైపులా ఉన్న కొండలు ఎక్కువగా ఖొండలైట్ అనే రాతితో ఏర్పడ్డాయి. గోమేదికం జాతికి చెందిన గార్నెట్, సిల్లిమనైట్ వంటి ఖనిజాలు గల ఈ రాతికి, తూర్పు కనుమల్లో నివసించే ఖోండు గిరిజనుల పేరిట 1902లో టి.ఎల్. వాకర్ ఈ పేరు పెట్టారు. వేడి, వాన కలిసివచ్చిన ఈ సీమలో లక్షల ఏళ్ల తరబడి వాననీరు ఇంకుతూ రాతిలోని కరిగే పదార్థాలను కడిగేయగా అల్యూమినియం మిగిలిపోయి, పైన బాక్సైట్‌గాను, దాని అడుగున కయొలినైట్ అనే తెల్లని మట్టిగాను మారింది. అనంతగిరి, గాలికొండ ప్రాంతాల బాక్సైట్ పుట్టుక ఇదే. ఇలాంటి కయొలినైట్ ఉన్నచోట ఒకప్పుడు వాన బాగా కురిసి ఉండవచ్చు.

2021 ఫిబ్రవరి 18న అంగారకుడి మీద జెజెరో బిలంలో దిగిన పర్సెవరెన్స్ రోవర్‌కు, అక్కడి ముదురు రంగు నేల మీద, వేరే చోటి నుంచి కొట్టుకువచ్చినట్టున్న తెల్లని రాళ్లు విడివిడిగా కనిపించాయి. రోవర్ మీదున్న లేజరు పరికరం వాటిలో అల్యూమినియం అధికంగా ఉందనీ, కయొలినైట్ ఉందనీ చూపింది. అంగారకుడు ఒకప్పుడు తడిగా ఉన్నాడన్నది పాత మాట; వెచ్చగా ఉండి, దీర్ఘకాలం వాన కురిసిన గ్రహమా అన్నది నేటి ప్రశ్న, ఆ ప్రశ్నకు ఔనని చెప్పేవారికి ఈ తెల్లరాళ్లు బలమైన ఆధారం. తూర్పు కనుమల మట్టి ఎలా ఏర్పడిందో తెలిసిన విద్యార్థికి ఈ వాదన వెంటనే బోధపడుతుంది. రోవర్ల గురించి మన పాఠ్యపుస్తకాలు రాకెట్ బొమ్మతో సరిపెట్టకుండా ఊరి పక్కనున్న రాయి నుంచి మొదలుపెడితే శాస్త్రం ఎక్కువ మందికి అందుతుంది.

జెజెరోలో 2024 జూలైలో చేయావా ఫాల్స్ అని పేరు పెట్టిన రాతి మీద చిరుత మచ్చల వంటి గుర్తులు కనబడ్డాయి. వాటిలోని ఇనుప ఖనిజాలు ప్రాచీన సూక్ష్మజీవుల చర్య వల్ల ఏర్పడి ఉండవచ్చని 2025 సెప్టెంబరులో ప్రచురితమైన పరిశోధన సూచించింది. జీవం లేకుండా కూడా అవి ఏర్పడే అవకాశాన్ని ఆ పరిశోధకులే తోసిపుచ్చలేదు. ఆ రాతి నుంచి తీసిన నమూనా గొట్టంలో భద్రంగా ఉంది. భూమికి తెచ్చి చూస్తే తప్ప తుది మాట చెప్పలేరు.

ప్రజ్ఞాన్

భారత రోవర్లకు ప్రయోగ వేదికైన శ్రీహరికోట, పులికాట్ సరస్సుకు బంగాళాఖాతానికి నడుమ, నేటి తిరుపతి జిల్లాలో సూళ్లూరుపేట చేరువన ఉన్న దీవి. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి రాకెట్ లేచింది. ఆ దీవిని అంతరిక్ష కేంద్రానికి తీసుకున్నప్పుడు తరతరాలుగా అక్కడ బతికిన యానాది కుటుంబాలు తావు మారవలసి వచ్చిన సంగతిని ఈ చరిత్ర రాసేవారు విడిచిపెట్టకూడదు.

2019 జూలై 22న శ్రీహరికోట నుంచి వెళ్లిన చంద్రయాన్-2 లోని విక్రమ్ ల్యాండర్ సెప్టెంబరు 7న దిగే వేళ అదుపు తప్పి చంద్రుడిని ఢీకొనడంతో, లోపలి రోవర్ నేలను తాకకుండానే పోయింది. లోపాలను సరిచేసి రూపొందించిన చంద్రయాన్-3 ను 2023 జూలై 14న మధ్యాహ్నం 2.35 గంటలకు ఎల్.వి.ఎం.-3 రాకెట్ మోసుకెళ్లింది. ఆగస్టు 23 సాయంత్రం 6.04 గంటలకు, విక్రమ్ అనే అదే పేరు గల దాని ల్యాండర్ చంద్రుడి దక్షిణ ధ్రువ ప్రాంతానికి చేరువగా, 69 డిగ్రీల దక్షిణ అక్షాంశం వద్ద మెల్లగా దిగింది. పి. వీరముత్తువేల్ ఈ ప్రాజెక్టుకు డైరెక్టరు, కల్పన కాళహస్తి సహ డైరెక్టరు.

విక్రమ్ నుంచి వాలు పలక మీదుగా దిగిన ప్రజ్ఞాన్ బరువు 26 కిలోలు, పొడవు మీటరు లోపే, సౌర ఫలకం ఇచ్చే విద్యుత్తు 50 వాట్లు, వేగం సెకనుకు ఒక సెంటీమీటరు. ఈ బండి మెత్తని చంద్రధూళిలో కూరుకుపోకుండా నడుస్తుందో లేదో ముందే చూడడానికి చంద్రుడి మట్టి వంటి మట్టి కావాలి. చంద్రుడి ఎత్తైన ప్రాంతాలు ఎక్కువగా అనార్థసైట్ అనే లేతరంగు రాతివి. అదే జాతి రాయి తమిళనాడులో నామక్కల్ దగ్గరి సిత్తంపూండిలో ఉండడంతో, ఇస్రో దానిని పొడిచేసి కృత్రిమ చంద్రమృత్తిక తయారు చేసింది, ఆ పద్ధతికి 2020లో పేటెంట్ కూడా పొందింది. అనార్థసైట్ తూర్పు కనుమలకూ కొత్త కాదు, ఎస్.కోట కొండల వరుస ఈశాన్యంగా సాగి ఒడిశాలో ప్రవేశించాక చిలికా సరస్సు పక్కన ఆ రాయి పెద్ద ఎత్తున బయటపడుతుంది.

ప్రజ్ఞాన్‌ను నడిపిన తీరు ఓపికకు పరీక్ష. రోవర్ నేరుగా భూమితో మాట్లాడలేదు. దాని మాట విక్రమ్‌కు, విక్రమ్ నుంచి బెంగళూరు దగ్గర బ్యాలాలు లోని యాంటెన్నాలకు చేరాలి. ముందున్న రెండు కెమెరాలు తీసిన చిత్రాలతో శాస్త్రవేత్తలు నేల ఎత్తుపల్లాల పటం గీసుకొని, ఒక్కో ఆదేశంలో అయిదు మీటర్లకు మించకుండా కదిలించారు. ఆగస్టు 27న మూడు మీటర్ల ముందు నాలుగు మీటర్ల వెడల్పున్న గుంత కనిపించింది. వచ్చిన దారినే వెనక్కి మళ్లమని ఆదేశించి మరో దారి పట్టించారు.

ఆ రోవర్ మోసుకెళ్లిన పరికరాలు రెండే. ఒకటి లేజరు పరికరం: తీక్ష్ణమైన లేజరు కాంతిని ఒక్క క్షణం నేల మీద గురిపెడితే అక్కడి మట్టి ఆవిరై, పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోయిన వేడి వాయువుగా, అంటే ప్లాస్మాగా మారి వెలుగుతుంది, ఒక్కో మూలకం తనకే చెందిన రంగులలో వెలగడం వల్ల ఆ కాంతిని విడదీసి మట్టిలో ఏమేమి ఉన్నాయో చెప్పవచ్చు. రెండోది క్యూరియం అనే రేడియోధార్మిక మూలకం వెలువరించే కణాలను, ఎక్స్-కిరణాలను మట్టి మీదకు పంపి, మట్టిలోని పరమాణువులు తిరిగి వెలువరించే ఎక్స్-కిరణాలను కొలిచే ఎ.పి.ఎక్స్.ఎస్. పరికరం. ఈ రెండూ వేర్వేరు దారుల్లో ఆ నేలలో గంధకం ఉందని తేల్చాయి; దక్షిణ ధ్రువానికి అంత దగ్గర నేలను తాకి ఆ మాట చెప్పడం అదే మొదటిసారి.

ఎ.పి.ఎక్స్.ఎస్. 23 చోట్ల తీసిన కొలతలను అహ్మదాబాదులోని ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీకి చెందిన సంతోష్ వడవలె, సహచరులు 2024 ఆగస్టులో నేచర్ పత్రికలో ప్రచురించారు. అక్కడి మట్టి ప్రధానంగా ఇనుము కలిసిన అనార్థసైట్ నుంచి వచ్చిందని ఆ కొలతలు చూపాయి. పుట్టిన కొత్తలో చంద్రుడు మొత్తం కరిగిన రాతి సముద్రమనీ, అది చల్లారేటప్పుడు తేలికైన ఫెల్డ్‌స్పార్ ఖనిజం పైకి తేలి అనార్థసైట్ పొరగా గడ్డకట్టిందనీ అపోలో వ్యోమగాములు తెచ్చిన నమూనాలు చూసి ప్రతిపాదించారు. ఆ నమూనాలు మధ్యరేఖా ప్రాంతాలకు దగ్గరివి. దక్షిణాన కూడా అదే రాయి దొరకడంతో ఆ సిద్ధాంతానికి బలం చేకూరింది. మట్టిలో మెగ్నీషియం అనుకున్నదానికంటే కొంత ఎక్కువ ఉండడాన్ని, దక్షిణ ధ్రువం-ఐట్కెన్ అనే బ్రహ్మాండమైన బిలం ఏర్పడినప్పుడు లోతు పొరల రాయి ఎగిరి వచ్చి కలిసిందనడానికి గుర్తుగా భావించారు. సుమారు నూరు మీటర్ల నడకతో చంద్రుడి పుట్టుక గురించి ఇంత చెప్పగలగడం రోవర్ల చరిత్రలో చిన్న విషయం కాదు, దూరాల పట్టికలో ప్రజ్ఞాన్ పేరు అట్టడుగున ఉన్నా సరే.

సెప్టెంబరు 2న, చంద్రుడి మీద పొద్దు వాలుతుండగా, ప్రజ్ఞాన్‌ను నిద్రపుచ్చారు. మైనస్ నూరు డిగ్రీలకు ఎంతో దిగువకు పోయే ఆ రాత్రిని తట్టుకొనేలా దానిని తయారు చేయలేదు; సెప్టెంబరు 22న తెల్లవారాక పిలిచినా పలకలేదు.

పరిమితులు, ముందున్నవి

శుక్రుడి మీద 460 డిగ్రీలకు పైబడిన వేడి ఎలక్ట్రానిక్ పరికరాలను కొద్ది గంటల్లో చెడగొడుతుంది కాబట్టి అక్కడ ఇంతవరకు ఏ రోవరూ నడవలేదు. ర్యూగు వంటి చిన్న గ్రహశకలంలో గురుత్వం దాదాపు లేనట్టే కాబట్టి చక్రాలు పట్టు దొరకక జారతాయి. 2018లో జపాన్ అక్కడికి గెంతుతూ కదిలే చిన్న యంత్రాలను పంపింది. అంగారకుడి పదునైన రాళ్లు క్యూరియాసిటీ అల్యూమినియం చక్రాలకు 2013 నుంచే చిల్లులు పెట్టాయి. ఆ అనుభవంతో పర్సెవరెన్స్ చక్రాలను మందంగా చేశారు. పర్సెవరెన్స్‌తో వెళ్లిన ఇంజెన్యుటీ అనే చిన్న హెలికాప్టర్ 2021 ఏప్రిల్ 19 నుంచి 2024 జనవరి 18 వరకు 72 సార్లు ఎగిరి, నేల మీది బండికి ఆకాశం నుంచి దారి చూపవచ్చని నిరూపించింది.

చంద్రుడి ధ్రువాల వద్ద ఎండ సోకని బిలాలలో మంచు ఉందన్న ఆధారాలు కక్ష్య నుంచి బలంగానే ఉన్నా, ఎంత ఉంది, ఎంత లోతున ఉంది, తవ్వి తీయగలిగిన రూపంలో ఉందా అన్నవి నేలను తాకితేనే తెలుస్తాయి. ఆ పనికోసమే భారతదేశం, జపాన్ కలిసి చేపట్టిన చంద్రయాన్-5 కు కేంద్ర ప్రభుత్వం 2025 మార్చిలో ఆమోదం తెలిపింది. ఈ యాత్రలోని రోవర్ 26 కిలోల ప్రజ్ఞాన్ కంటే ఎన్నో రెట్లు బరువైనది. రోవర్‌ను, రాకెట్‌ను జపాన్, రోవర్‌ను చంద్రుడి మీద దించే ల్యాండర్‌ను భారతదేశం సమకూరుస్తాయి.